మూసీకి బర్రెల కట్ట

వరద అనేది కంప్యూటర్లోనే రావాలి. బయట రావడం అనాగరికం.

కోపగించుకోకుండా ఆలోచించండి. బయట వచ్చే వరదకు ఒక పద్ధతంటూ ఉందా? ఆదివారమని చూడదు, పిల్లల పరీక్షలని చూడదు. అన్నం గిన్నెను తేల్చుకుంటూ పోతుంది, ఎవరిదో తెగిన చెప్పును తెచ్చి దేవుడి గూట్లో పెడుతుంది. పోతూ పోతూ గోడ మీద బురద గీత ఒకటి గీసి, వారానికి సరిపడా వాసన వదిలి వెళుతుంది. అదే కంప్యూటర్లో వచ్చే వరదను చూడండి! ఆఫీసు తెరిచాక వస్తుంది. టీ టైముకు ఆగమంటే ఆగుతుంది. నచ్చకపోతే వెనక్కి తిప్పవచ్చు. పైగా ఆ నీళ్ల రంగు నీలం. మూసీ నీళ్లను నీలంగా చూసిన మనిషి హైదరాబాదులో ఎవరైనా ఉన్నారా?

ఈ విద్య పేరు సిమ్యులేషన్. పైన ఇంత వాన పడితే, చెరువుల గేట్లు ఇంత ఎత్తితే, నదిలో ఎంత నీరు పారుతుంది, అది ఏ నాలాలోకి ఎగదన్నుతుంది, ఏ గల్లీలో ఎవరి మంచం కిందికి వస్తుంది అన్నదంతా ముందే తెర మీద పొంగించి చూపిస్తుంది. చాలా మంచి విద్య. అయినా దీన్ని ఆడిపోసుకునేవాళ్లు ఉన్నారు. కంప్యూటర్లో పొడిగా ఉన్న ఇంట్లో నిలబడి, మోకాళ్లు తడిశాయని ఫిర్యాదు చేసేవాళ్లు ఉన్నారు. అలాంటివారి కళ్లు తెరిపించడానికే బహదూర్‌పురా లక్ష్మయ్య సంగతి చెప్పవలసి వస్తోంది.

లక్ష్మయ్యది పాల వ్యాపారం. తాతల నాటి నుంచీ అదే గల్లీ, అదే కొట్టం. కొట్టం వెనక నాలా. ఆ నాలా కొంతదూరం పోయి మూసీలో కలుస్తుంది. కలిసే ముందు దారిలో ఓ ఫంక్షన్ హాలు తగులుతుంది. పాలరాతి మెట్లు, గాజు తలుపులు, గేటుకు రెండు పక్కలా సున్నపు ఏనుగులు ఉన్న గొప్ప హాలు. నాలా మీదే హాలు కట్టారని గిట్టనివాళ్లు అంటారు. అదంతా అబద్ధం. హాలు ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు కాగితాలు ఉన్నాయి, నాలాయే ఎక్కడినుంచో వచ్చి హాలు కింద దూరింది. పాపం, ఆ హాలు కట్టిన పెద్దాయన దయగలవాడు కనుక నాలాను వెళ్లగొట్టకుండా, దూరడానికి ఒక పైపు ఇచ్చాడు.

వానాకాలంలో ఆ పైపు చాలదు. నీళ్లు వెనక్కి తిరిగి లక్ష్మయ్య గల్లీలోకి వస్తాయి. ఏటా మొదటి పెద్ద మబ్బు పట్టగానే లక్ష్మయ్య బర్రెలను తోలుకుని శాలిబండలో మిట్టమీద ఉన్న బామ్మర్ది కొట్టానికి పోవడం, నీళ్లు తీశాక తిరిగి రావడం అలవాటు. సిమ్యులేషన్ తెలియని రోజుల్లో మనుషులు ఎంత మోటుగా బతికేవారో చెప్పడానికి ఇదొక ఉదాహరణ.

అలాంటి లక్ష్మయ్య జీవితంలోకి ఒకరోజు విశాల్ అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. వరద లెక్కలు కట్టే కన్సల్టెన్సీ వాడు. చేతిలో ల్యాప్‌టాప్, నుదుటి మీద చెమట. కొట్టం వెనక నాలా ఒడ్డున అటు రెండుసార్లు ఇటు రెండుసార్లు తిరిగి, ఏదో పోగొట్టుకున్నవాడిలా నిలబడ్డాడు.

"ఏం దేవులాడుతున్నరు సార్?" అన్నాడు లక్ష్మయ్య.

"ఇక్కడ ఒక కట్ట ఉండాలి."

"ఏం కట్ట?"

"వరదకట్ట. మనిషి ఎత్తుంటుంది. పొడుగ్గా, గల్లీ ఈ మూల నుంచి ఆ మూల దాకా. డ్రోన్ సర్వేలో స్పష్టంగా పడింది."

విశాల్ ల్యాప్‌టాప్ తిప్పి చూపించాడు. తెర మీద ఎత్తుపల్లాలన్నీ రంగుల్లో ఉన్నాయి. నాలా పక్కన నల్లగా, నిండుగా ఒక గట్టు. లక్ష్మయ్య కళ్లు చికిలించి దగ్గరికి జరిగాడు. గట్టు వంపును చూశాడు, మధ్యలో ఉన్న మూపురం లాంటి ఎత్తును చూశాడు. చివర కొంచెం దిగిన నడుమును చూసేసరికి ముఖం వెలిగిపోయింది.

"గిది కట్ట కాదు సార్," అన్నాడు. "గిది మా రాణి."

జరిగింది ఇదీ. దీపావళి వెళ్లిన రెండోనాడు సదర్ పండుగ. పాలవాళ్లంతా బర్రెలను, దున్నపోతులను కడిగి, నూనె రాసి, కొమ్ములకు రంగులేసి, మెడలో గవ్వల పట్టీలు కట్టి, తీన్‌మార్ దరువుతో ఊరేగించే రోజు. ఆ చుట్టుపక్కల పాలవాళ్లందరికీ స్నానాల రేవు లక్ష్మయ్య కొట్టం వెనక నాలా ఒడ్డే. మధ్యాహ్నానికల్లా పశువులన్నీ ఒకదానికొకటి ఆనుకుని వరసగా నిలబడ్డాయి. సరిగ్గా అప్పుడే డ్రోన్ వచ్చింది. వానలు తగ్గాయి, ఆకాశం శుభ్రంగా ఉంది, సర్వేకు అంతకంటే మంచి రోజు దొరకదని వాళ్లూ అనుకున్నారు.

డ్రోన్ కొలిచిన దాంట్లోంచి చెట్లను, ఇళ్లను, బండ్లను తీసేసి ఒట్టి నేలను మిగల్చడం సాఫ్ట్‌వేర్ పని. దానికి చెట్టు తెలుసు. ఆటో తెలుసు. వాటర్ ట్యాంకర్ కూడా తెలుసు. నూనె రాసుకుని, కదలకుండా, తోకకు తోక తగిలేలా నిలబడిన సదర్ బర్రెలను గురించి మాత్రం దానికి ఎవరూ చెప్పలేదు. ఎంత చదువుకున్నదైనా అది బయటి ఊరి సాఫ్ట్‌వేర్. కట్ట అనుకుంది.

"ఈ ఎత్తుగున్నది మా బామ్మర్ది దున్నపోతు," అని లక్ష్మయ్య వేలు పెట్టి వివరిస్తున్నాడు. "ఈ కొసకున్నయి యాకుత్‌పురావోళ్లవి. మస్తు తీసిన్రు సార్ ఫోటో. ఒక కాపీ దొరుకుతదా?"

విశాల్ పక్కనే ఉన్న కుడితి తొట్టి అంచు మీద కూర్చున్నాడు. రిపోర్టు ఇచ్చేశారు. ఆ గల్లీ, దాని కిందున్న బస్తీ అంతా వరద భయం లేని ప్రాంతమని అందులో రాశారు. ఎందుకు భయం లేదంటే, కట్ట ఉంది కాబట్టి.

ఇక్కడే మామూలు దేశమైతే రిపోర్టు మార్చేవారు. మన అధికారులు అంత తేలిగ్గా ఓటమి ఒప్పుకునేవారు కారు. సంగతి ఈ లెక్కలు కట్టించిన శాఖలో పై అధికారి విమలాదేవి గారి దగ్గరికి పోయింది. ఆవిడ కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, ఒకే ఒక ప్రశ్న వేశారు.

"రిపోర్టు తప్పా?"

"అంటే మేడం, కట్ట లేదు కాబట్టి..."

"రిపోర్టు తప్పు కావడానికి వీల్లేదు. రిపోర్టులో కట్ట ఉంది. కాబట్టి కట్ట ఉండాలి. ఉండేలా చూడండి."

నిజం కట్ట పోయిద్దామా అని అక్కడెవరో అన్నారు. అన్నవాడివైపు ఆవిడ చూసిన చూపుకు ఆ మాట వెనక్కి పోయింది. నిజం కట్ట పోయాలంటే నాలా వెడల్పు కొలవాలి. కొలత ఈ కొసన మొదలైతే ఆ కొసన హాలు గోడకు తగులుతుంది. పోనీ కంప్యూటర్లోంచి కట్ట తీసేద్దామా అంటే, విశాల్ నసిగాడు.

"తీసేస్తే మోడల్ మళ్లీ మొదటికొస్తుంది మేడం."

"మొదటికి రావద్దు," అన్నారు ఆవిడ వెంటనే.

అలా లక్ష్మయ్యకు కబురొచ్చింది. ఆఫీసులో మెత్తటి కుర్చీ వేశారు, బిస్కట్లు పెట్టారు. లైట్లు తీసి, గోడంత తెర మీద సిమ్యులేషన్ ఆడించారు. మూసీ నీలంగా ఉబ్బింది. నాలాలోకి ఎగదన్నింది. నీలం ఒక్కో గల్లీ ముందుకొచ్చింది, లక్ష్మయ్యకు తెలియకుండానే కాళ్లు పైకి ముడుచుకున్నాయి. నీలం వచ్చి వచ్చి నల్లటి కట్టకు తగిలింది. ఆగింది. మళ్లీ తోసింది. కట్ట కదల్లేదు. కాసేపు అక్కడే తచ్చాడి, తలవంచుకుని వెనక్కి పోయింది.

లక్ష్మయ్య పుట్టిన దగ్గర్నుంచీ ఆ నీళ్లకు భయపడి పారిపోతున్న మనిషి. వాటిని తన బర్రెలు ఆపడం చూడటం ఇదే మొదటిసారి. మా నాయిన ఉంటే గీ సినిమా చూపెడుతుంటి అనుకున్నాడు, నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు. ఒక్క సందేహం మాత్రం మిగిలింది.

"సార్, గీడ ఫంక్షన్ హాలు ఉండాలె. కానొస్తలేదు?"

విశాల్ కిటికీవైపు చూశాడు. జవాబు విమలాదేవి గారు ఇచ్చారు. "అక్కడ జరిగేవి ఫంక్షన్లు. ఫంక్షన్ ఒకరోజుతో అయిపోతుంది. తాత్కాలికమైనవి మోడల్లో పెట్టం."

ఎంత సబబైన మాట! బర్రెలు శాశ్వతం, పాలరాయి తాత్కాలికం. లక్ష్మయ్య తలూపాడు. రెండో బిస్కట్ కూడా తీసుకున్నాడు.

ఇంటికొచ్చి భార్య బాలమ్మతో చెప్పాడు. "మన బర్రెలు ఇప్పుడు ఉత్త బర్రెలు కావే. సర్కారు కట్ట."

"పాలిస్తయా, ఇయ్యయా?" అంది బాలమ్మ.

"ఇస్తయి. ఇచ్చుకుంట మూసీని ఆపుతయి."

బాలమ్మ ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు.

ఆ వారమే ఏర్పాట్లు మొదలయ్యాయి. కట్ట ఎక్కడుందో కంప్యూటర్‌కు ఎప్పటికప్పుడు తెలియాలని బర్రెల చెవులకు ట్యాగులు వేశారు. ట్యాగు ఎక్కడుంటే తెర మీద కట్ట అక్కడుంటుంది. నీటిమట్టం చదవడానికి వీలుగా, అన్నిటికంటే బుద్ధిమంతురాలైన రాణి ముందుకాలి మీద పసుపు రంగుతో గీతలు గీశారు. సదర్ నాడు వచ్చిన చుట్టాల పశువులు ఎవరిళ్లకు వాళ్లు పోయాయి కనుక కట్టలో గండ్లు పడ్డాయని గుర్తించి, ఉన్న బర్రెలనే ఎడంగా నిలబెట్టమన్నారు. కట్ట పల్చబడితే పల్చబడింది, పొడుగు తగ్గకూడదు.

అసలు చిక్కు మధ్యాహ్నాల్లో వచ్చింది. బర్రెలు పడుకుంటాయి కదా! పడుకోగానే ఆఫీసులో కట్ట ఎత్తు తగ్గి అలారం మోగేది. ఫోనొచ్చేది. "లక్ష్మయ్యగారూ, కట్ట కుంగుతోంది." లక్ష్మయ్య కర్ర పట్టుకుని పరుగెత్తి లేపేవాడు. అవి ఇటు లేచి అటు పడుకునేవి. నెమరు వేయనివ్వని మనిషి మీద బర్రెకు ఎంత కోపం వస్తుందో పాలు పిండేటప్పుడు తెలిసేది.

"పండుకోనియ్యకుంటే పాలెట్లిస్తయయ్యా?" అని బాలమ్మ ఒకనాడు బకెట్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. అడుగు కనిపిస్తోంది. "రాణిది నిండు కడుపు. గట్ల నిలవెట్టకు."

"వానాకాలం ఒక్కటి ఆగు. మన గల్లీ అంతా దాని మీదనే ఉన్నది."

ఆ మాట అంటున్నప్పుడు లక్ష్మయ్యకు లోపల కొంచెం కలుక్కుమంది. ఈనుతూ తల్లి చచ్చిపోతే, రాణిని బాలమ్మ సీసాతో పాలు పట్టి పెంచింది. చలికాలం తమ గదిలోనే గోనెపట్టా మీద పడుకోబెట్టింది. ఆ ఇల్లు ఇన్నాళ్లూ నడిచింది చాలావరకు రాణి పాలతోనే. అయినా ఏం చేస్తాడు? గల్లీలో జనం ఆయనకు నమస్తే పెడుతున్నారు. రైల్వేలో చేసి రిటైరైన పక్కింటి డానియేలు కూడా, "లక్ష్మయ్యా, నీ కట్ట ఉంటే మాకేం ఫికర్," అన్నాడు. గౌరవం కూడా ఒకరకం మేతే. మనిషి మరిగితే లేవనీయదు.

అనుకున్నట్టే వానలొచ్చాయి. అనుకున్నదానికంటే ఎక్కువ వచ్చాయి.

ఆ రోజు పొద్దుననే మబ్బు కమ్మి, శాలిబండవైపు పోయే దారి ఇంకా తెరిచి ఉన్నప్పుడే, బాలమ్మ పలుపుతాళ్లు విప్పబోయింది. లక్ష్మయ్య ఆపి ఫోన్ చేశాడు.

"మేడం, వాన జోరుగున్నది. బర్రెలను జర మిట్టకు తోలుకపోతా."

అవతల నుంచి విమలాదేవి గారి గొంతు ఆప్యాయంగా వచ్చింది. "లక్ష్మయ్యగారూ, కట్టలు వరదప్పుడే కదండీ పనిచేయాలి? వాన రాగానే కట్ట లేచి బంధువుల ఇంటికి పోతే ఎలా? అందులోనూ ఇవాళ మన సాఫ్ట్‌వేర్ ప్రారంభోత్సవం. ముఖ్య అతిథి ముందు లైవ్‌గా చూపిస్తున్నాం. మీ కట్టే ఇవాళ హీరో."

"మరి నీళ్లు..."

"మీ గల్లీలో నీళ్లు లేవు. నేను చూస్తూనే ఉన్నాను."

అప్పటికి లక్ష్మయ్య చీలమండలు మునిగి ఉన్నాయి. ఫోన్ పెట్టేసి వాటివైపు చూసుకున్నాడు. ఇంత చదువుకున్న మనిషి లేవంటోంది, అన్నీ కొలిచి మరీ చెప్తోంది. తన కాళ్లనే ఆయన కాసేపు అనుమానించాడు. ఇదీ నిజమైన విశ్వాసమంటే! మనలో ఎంతమందికి ఉంది?

నీళ్లు పిక్కలకొచ్చాయి. మోకాళ్లకొచ్చాయి. బర్రెల మధ్య గండ్లలోంచి సాఫీగా, ఎవరినీ అడగకుండా గల్లీలోకి పోతున్నాయి. డానియేలు తన ఇంటి గడప మీద కుర్చీ, కుర్చీ మీద ఫ్రిజ్ ఎక్కించి, "లక్ష్మయ్యా, కట్ట ఏమాయె?" అని అరిచాడు. లక్ష్మయ్య వినిపించనట్టు రాణి కాలివైపు తిరిగాడు. పసుపు గీతలు ఒక్కొక్కటీ మునుగుతున్నాయి. రాణి మెడ చాచి ఒక మాదిరిగా అరిచింది. పాలవాళ్లు ఎవరైనా గుర్తుపట్టే అరుపు అది. నొప్పులు మొదలయ్యాయి.

బాలమ్మ నీళ్లలో అడుగులేసుకుంటూ వచ్చి ఆయన ముందు నిలబడింది. గొంతు పెంచలేదు.

"గా కంప్యూటర్ల ఎండ కొడుతున్నదేమో. ఈడ నా బిడ్డ కడుపు మునుగుతున్నది. నువ్వు సర్కారు కట్టకు కావలి ఉండు. నేను తోలుకపోతున్న."

లక్ష్మయ్యకు సిగ్గేసింది. తెర మీద నీళ్లు ఆగితే ఏడ్చిన తాను, కళ్ల ముందు రాణి మునుగుతుంటే ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. ఫోన్ జేబులో పెట్టి, కొడవలితో తాళ్లు తెగ్గోశాడు.

కానీ శాలిబండ దారి అప్పటికే మూసుకుపోయింది. రోడ్డు మీద ఆటోలు తేలుతున్నాయి. చుట్టుపక్కల నీళ్లు ఎక్కని చోటు ఒక్కటే కనబడుతోంది. పాలరాతి మెట్లు, సున్నపు ఏనుగులు. బర్రెలకు ఆహ్వానపత్రం ఉందా లేదా అన్న పట్టింపు లేదు. ముందు దున్నపోతు దూడ ఎక్కింది, వెనక మిగతావన్నీ ఎక్కాయి, అందరికంటే వెనక రాణి, దాని మెడ చుట్టూ చెయ్యి వేసి బాలమ్మ.

లోపల ప్రారంభోత్సవం రసకందాయంలో ఉంది. అవును, ఈ హాల్లోనే. ఆఫీసు మీటింగు గది చిన్నది, పెద్దాయన హాలు ఉచితంగా ఇచ్చి, బిర్యానీ కూడా తనదే అన్నాడు. వేదిక మీద పెళ్లి సోఫాలో ముఖ్య అతిథి, పక్కన శాలువాతో పెద్దాయన, మైకు ముందు విమలాదేవి గారు. వెనక పెద్ద తెర. తెర మీద నల్లటి కట్ట, కట్ట ముందు బుద్ధిగా ఆగిన నీలం. ల్యాప్‌టాప్ దగ్గర విశాల్.

"ఈ క్షణంలో," అంటున్నారు విమలాదేవి గారు, "బయట ఎంత వాన పడుతున్నా, చూడండి, మన కట్ట అంగుళం కదల్లేదు."

గాజు తలుపులు తెరుచుకున్నాయి. కట్ట లోపలికి వచ్చింది.

ఎర్ర తివాచీ మీద బురద గిట్టలు వరసగా పడుతుంటే సభ మొత్తం కుర్చీలెక్కింది. అదే సమయంలో తెర మీద ఇంకో వింత జరిగింది. నల్లటి గీత మెల్లగా కదిలింది. గల్లీ పక్క నుంచి జరిగి జరిగి, నాలాలోకి దిగి, నాలాకు అడ్డంగా నిలబడింది. మరి చెవుల్లో ట్యాగులున్నాయి కదా, వాటి కబురు తెరకు కాస్త ఆలస్యంగా అందింది! అడ్డు తొలగిన గల్లీ ఒక్కసారిగా నీలమయింది. లక్ష్మయ్య ఇల్లు నీలం, డానియేలు ఇల్లు నీలం, కింది బస్తీ అంతా నీలం. మొదటిసారిగా తెర మీద ఏముందో బయటా అదే ఉంది. తర్వాత పెద్ద ఎర్ర అక్షరాలు వెలిగాయి: 'నాలాలో ప్రవాహానికి అడ్డంకి. తక్షణం తొలగించాలి.'

విమలాదేవి గారు తేరుకున్నారు. ఎంతైనా సర్వీసు ఉన్న మనిషి.

"లక్ష్మయ్యగారూ, ఏమిటిది? కట్టను తెచ్చి నాలాకు అడ్డం పెట్టారు! మీ వల్ల ఊరు మునుగుతోంది. వెంటనే నాలా ఖాళీ చేయించండి."

లక్ష్మయ్య ఒంటి మీంచి నీళ్లు కారుతున్నాయి. రాణి వేదిక మెట్ల దగ్గర ముందుకాళ్లు మడిచి కూలబడింది. బాలమ్మ కొంగు నడుముకు చెక్కి దాని పక్కన కూర్చుంది. అది లేచే పరిస్థితి కాదు.

"ఏడ ఉన్నది మేడం నాలా?" అన్నాడు లక్ష్మయ్య. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. చుట్టూ చూస్తే ఆయనకు గోడలకు పూలదండలు, పైన షాండ్లియర్లు కనబడుతున్నాయి.

"మీరు నిలబడ్డదే నాలా," అన్నారు ఆవిడ మైకులోనే. "తెర మీద కనిపించడం లేదా?"

మైకు బాగుంది. మాట హాలు మూలమూలకూ పోయింది. పెద్దాయన శాలువా సర్దుకోబోయి ఆగిపోయాడు.

లక్ష్మయ్య తెరవైపు చూశాడు, కాళ్ల కిందికి చూశాడు, తర్వాత వేదికవైపు చూశాడు. ఆయన తెలివైనవాడు కాదు. తెలివైనవాడైతే ఇంత దూరం వచ్చేదే కాదు. ఆయనకు ఆ క్షణంలో తోచింది ఒక్కటే.

"నేను నిలవడ్డది నాలా అయితే, మీరందరు కూసున్నది ఏంది మేడం?"

రాణి గట్టిగా మూలిగింది. ఎర్ర తివాచీ మీదికి తడితడిగా ఒక పెయ్యదూడ జారింది. బాలమ్మ దాని ముక్కు తుడుస్తూ ఏడ్చింది, నవ్వింది. సభలో ఎవరో పొరపాటున చప్పట్లు కొట్టారు.

అప్పుడు విశాల్, మెల్లగా అయినా అందరికీ వినిపించేలా అన్నాడు. "మొదటిసారి అడిగినప్పుడు సాఫ్ట్‌వేర్ ఇదే చెప్పింది. ఇక్కడే అడ్డంకి ఉందని. అప్పుడు ఇక్కడ బర్రెలు లేవు, హాలు ఉంది. మోడల్లోంచి హాలు తీసేయమన్నారు, తీసేశాను."

"విశాల్," అన్నారు విమలాదేవి గారు, "ప్రొజెక్టర్ ఆపెయ్."

ఆపేశాడు. వెంటనే గల్లీలో వరద, నాలాలో అడ్డంకి, ఎర్ర అక్షరాలు అన్నీ మాయమయ్యాయి. అందుకే మొదట్లోనే మనవి చేశాను, వరద కంప్యూటర్లోనే రావాలని. ఇంత చల్లగా ముగిసే వరద ఇంకెక్కడైనా ఉంటుందా? బయటిది మాత్రం స్విచ్చు లేనిది కనుక ఆ సాయంత్రం దాకా లక్ష్మయ్య ఇంట్లోనే ఉండి, కిటికీ ఊచల దాకా గీత గీసి, మంచాలు, దాణా బస్తాలు, డానియేలు ఫ్రిజ్ తీసుకుని పోయింది.

ఆ వరదకు కారణమేమిటో విచారణ జరిగింది. కట్ట తన స్థానం వదిలి వెళ్లడమేనని తేలింది. బర్రెల చెవుల్లోంచి ట్యాగులు తీసేశారు. విశాల్‌ను వేరే నదికి బదిలీ చేశారు. నాలాను రక్షించే విషయంలో కూడా శాఖ ఊరుకోలేదు, చర్య తీసుకుంది. ఇప్పుడు ఆ ఫంక్షన్ హాలు గేటు ముందు, కుడిపక్క ఏనుగు తొండం పక్కన, ఒక పచ్చ బోర్డు ఉంది. 'ఇది నాలా. ఇక్కడ పశువులను నిలపరాదు. అతిక్రమించినవారు శిక్షార్హులు' అని రాసి ఉంటుంది.

పెళ్లిళ్ల సీజన్లో ఆ బోర్డు కింద కార్లు నిలుపుతారు. కొత్త జంటలు ఏనుగు పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. లక్ష్మయ్య పాలు పోయడానికి అటే వెళుతూ, రాణిని, దాని పెయ్యను ఎదురుగా రోడ్డుకు అవతలి అంచునుంచి తోలుకుపోతాడు. ఆ బోర్డు మాట వింటున్నది ఈ రోజుకీ ఆ రెండు బర్రెలే.